తుపాకి భుజానేసుకున్న మనిషి: మీరడిగినారు, మేం చెప్తాం

ప్రశ్న: నమస్తే అండి, మాది ప్రొద్దుటూరు. మా పాప జపోరిజియాలో ఎంబీబీఎస్ చదువుతా 2022 మార్చిలో యుద్ధం వల్ల వెనక్కి వచ్చేసింది. బట్టలు కూడా సరిగా తెచ్చుకోలేదు గానీ ఫ్రిజ్‌కి అంటించే మ్యాగ్నెట్ ఒకటి బ్యాగులో పెట్టుకోని వచ్చింది. దాంట్లో మీసాలాయన ఒకడు, నెత్తిన పక్కకి వాలిన టోపీ, నడుముకి కత్తి, భుజం మీద తుపాకి. ఎవరే ఈయన, వాళ్ళ రాజా అంటే కాదుమా, ఇది వాళ్ళ దేశం గుర్తు అంటాది. టీవీలో చూస్తే ఉక్రెయిన్ గుర్తు త్రిశూలం మాదిరి ఉంటుంది కదా. ఏది నిజం?

జవాబు: అమ్మా, మీ పాప చెప్పిందీ నిజమే, మీరు టీవీలో చూసిందీ నిజమే. త్రిశూలం ఇప్పుడు అధికారికంగా వాడుతున్న చిహ్నం. తుపాకి మనిషికి కూడా రాజ్యాంగంలో చోటు రాసిపెట్టినారు గానీ ఆ చోట్లో ఇంకా నిలబెట్టలేదు. ఇది నాలుగు వందల ఏళ్ళ పైబడిన కథ, కొంచెం ఓపిగ్గా చదవండి, మీ పాపకి కూడా చదివి వినిపించండి.

ముందు మీరడిగిన దానికే వస్తా. ఆయన రాజు కాదు, దేవుడు కాదు, ఆయనకసలు పేరే లేదు. ఆ కాలంలో యూరప్‌లో ఏ రాజ్యం ముద్ర చూసినా సింహమో, రెండు తలల గద్దో, కిరీటమో, శిలువో ఉండేది. మన విజయనగరం వాళ్ళ ముద్ర మీద కూడా వరాహం, పక్కన కత్తి, పైన సూర్యుడూ చంద్రుడూ. వీళ్ళు మాత్రం ఒక మామూలు కాల్బలం సిపాయిని తెచ్చి ముద్రలో నిలబెట్టుకున్నారు. నాకు ఈ గుర్తు మీద ఇంత ఇష్టం ఎందుకంటే ఇందుకే.

వాళ్ళని జపరోజియన్ కోసాక్కులు అంటారు. ఆ మాటకి అర్థం బండరాళ్ళ అవతలోళ్ళు అని. ఉక్రెయిన్‌లో పారే ద్నీపర్ నది మధ్యలో పెద్ద పెద్ద రాళ్ళ మీంచి నీళ్ళు ఉరుకుతా పారే చోట్లు ఉండేవి, పడవ దాటడమే గండం, ఆ గండం దాటి కిందికి పోతే ఏ జమీందారూ వెంటపడి రాలేడు. పోలెండ్-లిథువేనియా రాజ్యంలో వెట్టి చేయలేక పారిపోయిన రైతులు, అప్పులోళ్ళు, చిన్నచిన్న కులీనులు, అందరూ అక్కడికి చేరినారు. చేపలు పట్టుకుంటా, వేటాడుకుంటా, క్రిమియా తాతార్లతో కొట్లాడుకుంటా బతికినారు. రాజులకి సరిహద్దు కాపలాకి ఇట్లాంటోళ్ళు కావాల్సొచ్చింది. 1572లో రాజు 300 మందిని జీతానికి పెట్టుకోని పేర్లు రిజిస్టర్‌లో రాయించినాడు, 1578లో స్టీఫెన్ బాతోరీ అనే రాజు 500 మందిని తీసుకున్నాడు. జెండా, గద, నగారాలు, ముద్ర ఇవన్నీ ఆ బాతోరీ రాజే ఇచ్చినాడని కోసాక్కుల చరిత్రలు రాసినోళ్ళు చెప్పుకుంటా వచ్చినారు.

ఆ బొమ్మ అచ్చులో కనపడేది 1622లో. ఆ సంవత్సరం వాళ్ళ హెట్మన్ పెత్రో సహాయిదాచ్నీ చనిపోయినాడు. హెట్మన్ అంటే సేనాధిపతీ పాలకుడూ రెండూ అనుకోండి. అంతకుముందు సంవత్సరం ఖోతిన్ దగ్గర తుర్కు సుల్తాన్ సైన్యాన్ని ఆపిన యుద్ధంలో తగిలిన గాయాలతోనే పోయినాడు. కీవ్‌లో ఆయన అంత్యక్రియల కోసం అక్కడి బడి పెద్ద కసియాన్ సకోవిచ్ పద్యాలు రాస్తే, ఆ బడి పిల్లోళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి వాటిని చదివినారు. ఆ పద్యాలని పుస్తకంగా అచ్చేసినప్పుడు అందులో ఈ తుపాకి మనిషి బొమ్మ వేసినారు, కింద ఆరు పాదాలు. జపరోజియన్ల ధైర్యం చూసి రాజులు ఇట్లాంటి వీరుణ్ణి వాళ్ళకి గుర్తుగా ఇచ్చినారు, దేశానికి సేవ చేయడానికీ దాని స్వేచ్ఛ కోసం ప్రాణం ఇవ్వడానికీ ఇతను తయారుగా ఉన్నాడు, అని దాని భావం. చావు పద్యాల పుస్తకంలో దొరికిన బొమ్మ అమ్మా అది, బడిపిల్లోళ్ళ నోట విన్న పద్యాలు.

ఇప్పుడు మీ మ్యాగ్నెట్ ఒకసారి చేతిలోకి తీసుకోని దగ్గరగా చూడండి. తుపాకి భుజం మీద ఆనించి ఉంది, గురి పెట్టి లేదు. ఇంకో చెయ్యి నడుం మీద. నడుం దగ్గర కత్తి, మందుగుండు పోసుకునే కొమ్ము కూడా వేలాడుతుంటుంది. కొన్ని ముద్రల్లో పక్కన నేలలో గుచ్చిన ఈటె ఒకటి ఉంటుంది, అది సిచ్ వాళ్ళ ముద్ర. సిచ్ అంటే నది దిగువన వాళ్ళ కోట. ఎప్పుడూ మెలకువగా కాపలా ఉన్నాడని ఆ ఈటెకి అర్థం చెప్తారు.

కోసాక్కు అంటే మనకి గుర్రం మీద దూసుకొచ్చేవాడే గుర్తొస్తాడు కదా, మరి ముద్రలో గుర్రమేది? ఆ కాలంలో వీళ్ళ అసలు బలం గుర్రం కాదు. బండ్లన్నీ గొలుసులతో కట్టి చుట్టూ కోటలాగ నిలబెట్టి, లోపల్నుంచి తుపాకులతో కాల్చడం వీళ్ళ పద్ధతి. అప్పట్లో అక్కడ పనిచేసిన బోప్లాన్ అనే ఫ్రెంచ్ ఇంజనీరు కూడా ఇదే రాసినాడు, గుర్రాల మీద వీళ్ళు అంతంత మాత్రమేనని, బండ్ల కోటలో ఉంటే మాత్రం కదిలించలేమని. చైకలు అనే పడవలేసుకోని నల్లసముద్రం దాటి తుర్కుల ఊర్ల మీద పడేవాళ్ళు కూడా. కాబట్టి నేల మీద నిలబడి తుపాకి పట్టుకున్నోడే వాళ్ళకి నిజమైన గుర్తు.

ఇంక అసలు సంగతి. ముద్రలో రెండుంటాయి, మధ్యలో బొమ్మ, చుట్టూ గుండ్రంగా రాత. బొమ్మ చూస్తే వాళ్ళెవరో తెలుస్తుంది, రాత చదివితే వాళ్ళ మీద ఎవరి చెయ్యి ఉందో తెలుస్తుంది. పోలెండ్ రాజు కింద ఉన్నప్పుడు "రాజుగారి దయగల జపరోజియన్ సైన్యం ముద్ర" అని ఉండేది. 1648లో బొహ్దాన్ ఖ్మెల్నిత్స్కీ తిరుగుబాటు చేసి సొంత పాలన పెట్టినాడు, 1654లో పెరెయాస్లావ్ దగ్గర మాస్కో జార్ కిందికి, అంటే రష్యా రాజు కిందికి పోయినారు. ఆ తర్వాత రాతలో రాజుగారు పోయి జారుగారి బిరుదులు వచ్చినాయి, "చిన్న రష్యా" అనే మాట కూడా వచ్చి చేరింది. బొమ్మ మాత్రం ఉన్నచోటే ఉంది, ఆ మీసాలూ ఆ తుపాకీ అట్లే. నేను ఈ రెండు ముద్రల ఫొటోలు పక్కపక్కన పెట్టుకోని చానాసేపు చూసినా, ఒక జాతి బతుకంతా ఆ గుండ్రటి రాతలో మారుతా ఉంటే మధ్యలో మనిషి కదలకుండా నిలబడి ఉన్నాడు.

సిచ్‌లో ఈ ముద్ర ఎవరి దగ్గర ఉండేదో తెలుసా, నాయకుడి దగ్గర కాదు, జడ్జి దగ్గర. పెద్ద వెండి ముద్ర, సభ జరిగినప్పుడల్లా దాన్ని ఆయన దగ్గర పెట్టుకోని రావాల. అదే ఆయన పదవికి గుర్తు. రాయసగాడికి గుర్తు సిరాబుడ్డి. మన పల్లెల్లో రెడ్డి, కరణం ఉన్న కాలంలో కరణం దఫ్తరానికి ఎంత విలువుండేదో మా తాత చెప్తుంటే విన్నా, ఇదీ అట్లాంటిదే.

18వ శతాబ్దానికి ఈ గుర్తు సైన్యం ముద్ర నుంచి దేశం ముద్ర అయిపోయింది, ఆఖరి హెట్మన్ కిరిలో రజుమొవ్‌స్కీ కాలానికి దాన్ని జాతీయ ముద్ర అనే పిలిచేవాళ్ళు. పేరు గట్టిపడే టైంకి రాజ్యం పోయింది. 1764లో రష్యా రాణి కేథరిన్ హెట్మన్ పదవే రద్దు చేసింది, 1775 జూన్‌లో రష్యా సైన్యం సిచ్‌ని చుట్టుముట్టి నేలమట్టం చేసింది, ఆగస్టులో ఒక ఫర్మానా వేసి జపరోజియన్ కోసాక్ అనే పేరు కూడా ఇంక ఉండకూడదని ప్రకటించింది. పేరు కూడా. అక్కడితో తుపాకి మనిషి పాత కాగితాల్లోకీ మ్యూజియంలోకీ పోయినాడు.

మళ్ళీ 1918లో లేచినాడు. రష్యాలో విప్లవం వచ్చి ఉక్రెయిన్ విడిపోయినప్పుడు మొదట పెట్టుకున్నది త్రిశూలం. దాన్ని ముందుకు తెచ్చింది మిఖైలో హ్రుషెవ్‌స్కీ అనే చరిత్రకారుడు, అప్పట్లో వాళ్ళ పార్లమెంటుకి ఆయనే అధ్యక్షుడు. వెయ్యేళ్ళ కింద కీవ్‌ని ఏలిన వొలొదిమిర్ అనే రాజు నాణేల మీద ఉన్న గుర్తు అది, మన శివుడి త్రిశూలానికీ దానికీ సంబంధం లేదు, చానామంది అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నా. ఏప్రిల్ 1918లో పావ్లో స్కొరొపాద్‌స్కీ అనే సైన్యాధికారి హెట్మన్ అని ప్రకటించుకోని అధికారంలోకి వచ్చినాడు, వాళ్ళ ఇంట్లో పూర్వం ఒక హెట్మన్ ఉన్నాడు కూడా. ఆయనకి కోసాక్ గుర్తు కావాల. హెయొర్హీ నర్బుత్ అనే చిత్రకారుడు కొత్త ముద్ర గీసినాడు, ఎనిమిది అంచుల డాలు, దాంట్లో తుపాకి మనిషి, డాలు నెత్తిన త్రిశూలం. చుట్టూ రాత "ఉక్రెయిన్ రాజ్యం". ఈసారి ఆ రాతలో రాజూ లేడు జారూ లేడు. డిసెంబర్‌కల్లా ఆ ప్రభుత్వం పడిపోయింది, నర్బుత్ 1920లో 34 ఏళ్ళకే చనిపోయినాడు. తర్వాత సోవియట్ కాలమంతా సుత్తి కొడవలి.

1991లో స్వాతంత్ర్యం, 1992 ఫిబ్రవరి 19న త్రిశూలం. 1996 రాజ్యాంగంలో 20వ ఆర్టికల్ ఏమంటుందంటే ఈ త్రిశూలం చిన్న చిహ్నం, దీన్నీ జపరోజియన్ సైన్యం గుర్తునీ కలిపి పెద్ద చిహ్నం తయారు చేసుకోవాలని, దానికి పార్లమెంటులో మూడింట రెండొంతులు, అంటే 450లో కనీసం 300 ఓట్లు పడాలని. 2020లో పోటీ పెట్టినారు, గెలిచిన డిజైన్‌లో త్రిశూలానికి ఒకపక్క సింహం ఇంకోపక్క మన తుపాకాయన. బొమ్మ బాలేదని అక్కడ పెద్ద గొడవే జరిగింది. 2021 ఆగస్టు 24న, స్వాతంత్ర్యం వచ్చి 30 ఏళ్ళయిన రోజు, దాని బిల్లు పార్లమెంటులో మొదటి విడత ఓటు దాటింది. ఆర్నెల్లకి యుద్ధం. మీ పాప బ్యాగు సర్దుకున్న రోజులు.

ఆ మ్యాగ్నెట్ పారేయొద్దమ్మా.

ప్రశ్న: సార్, నేను రిటైర్డ్ టీచర్ని, కోవెలకుంట్ల. పోయిన నెల మీ శీర్షికలో కోసాక్కులంటే మన పాళెగాళ్ళ లాంటోళ్ళే అని ఒక వాక్యంలో తేల్చేసినారు. అది సరైన పోలికేనా?

జవాబు: సార్, మీరు అడగడం మంచిదైంది. తొందరలో రాసిన మాట అది, సగమే సరి.

సరైన సగం ఇది. ఇద్దరూ సరిహద్దుల్లో పుట్టినోళ్ళు. పైన రాజు బలహీనంగా ఉన్నంతకాలం వీళ్ళ కత్తి అందరికీ కావాల, పైన గట్టి సామ్రాజ్యం కూర్చున్నాక వీళ్ళే అడ్డం. 1800లో నిజాం మన జిల్లాలని కంపెనీకి దత్తం చేసినాక థామస్ మన్రో వచ్చి ఏడేళ్ళలో పాళెగాళ్ళ కోటలు, బలగం, కావలి హక్కులు అన్నీ తీసేసి కొందరికి పింఛన్లు ఇచ్చినాడు. కేథరిన్ చేసింది కూడా ఇంచుమించు అదే పని, పాతికేళ్ళు ముందు. సిచ్ ఆఖరి నాయకుడు పెత్రో కల్నిషెవ్‌స్కీని పట్టుకోని ఉత్తరాన మంచు సముద్రంలో ఉన్న సొలొవెత్‌స్కీ మఠంలో పడేసినారు, పాతికేళ్ళ పైన అక్కడే ఉండి 1803లో అక్కడే చనిపోయినాడు. మీ ఊర్లో 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసిన చోటు మీకు నాకంటే బాగా తెలుసు, కాబట్టి ఆ బాధ గురించి మీకు నేను చెప్పేదేం లేదు.

తప్పు సగం ఏమంటే పాళెగారు వంశంతో వస్తాడు. కొడుకుకి పాళెం వస్తుంది. సిచ్‌లో నాయకుణ్ణి అందరూ సభలో చేరి ఎన్నుకునేవాళ్ళు, నచ్చకపోతే అదే సభలో దింపేవాళ్ళు. పోలిక పెట్టాలనుకుంటే పాళెగాడితో కాదు సార్, వాళ్ళ కింద ఉన్న కట్టుబడి బంట్లతో పెట్టాల. మాన్యం భూమి తిని, పిలిచినప్పుడు తుపాకో ఈటో పట్టుకోని వచ్చేవాడు. నరసింహారెడ్డి వెనక నడిచింది చానావరకు మాన్యాలు పోగొట్టుకున్న ఆ కట్టుబడులే కదా. వాళ్ళలో ఒకణ్ణి ముద్రలో నిలబెట్టి ఇదే మా రాజ్యం అని రాసుకుంటే ఎట్ల ఉంటుందో ఊహించండి, కోసాక్కుల ముద్ర అంటే అదే. మన దగ్గర కట్టుబడికి విగ్రహం కూడా లేదు, నేను చూసినంతవరకు.

ప్రశ్న: అన్నా, నేను అనంతపురంలో గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. కోసాక్కులు రష్యా వాళ్ళా ఉక్రెయిన్ వాళ్ళా? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది.

జవాబు: తమ్ముడూ, రెండు చోట్లా ఉన్నారు, అందుకే ఆ కన్‌ఫ్యూజన్. కోసాక్ అనేది తుర్కు భాషల మాట, ఎవరి కిందా లేకుండా స్వేచ్ఛగా తిరిగేవాడు అని. కజకిస్తాన్‌లో కజక్ అన్నా అదే మాట. అది జాతి పేరు కంటే బతికే తీరు పేరు అనుకో. ద్నీపర్ మీద ఉన్నోళ్ళు జపరోజియన్లు, దోన్ నది మీద ఉన్నోళ్ళు దోన్ కోసాక్కులు, ఇంకా తేరెక్, కుబాన్ ఇట్ల చానా. దోన్ వాళ్ళ గుర్తు బాణం దిగిన జింక. తుపాకి మనిషి మాత్రం జపరోజియన్లదే. సిచ్ కూలినాక వాళ్ళలో కొంతమందిని 1792 తర్వాత కుబాన్‌కి పంపి అక్కడ స్థిరపరిచినారు, కాబట్టి కుబాన్ కోసాక్కుల్లో ఆ రక్తం ఉంది. పరీక్షలో అడిగితే ఏ కోసాక్కులు అని నదిని బట్టి చూసుకో, తప్పు పోదు.

ప్రశ్న: మన రాష్ట్రం గుర్తులో మనిషి ఎందుకు లేడు? (కర్నూలు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మనది అమరావతి శిల్పాల్లోంచి తీసుకున్న గుర్తు అక్కా, 2018లో ఖరారు చేసినారు, ధర్మచక్రం మధ్యలో పూర్ణఘటం. దేశానికి సారనాథ్ సింహాలు, 1950 జనవరి 26 నుంచి. మన సంప్రదాయంలో శుభం అనేది నిండు కుండలో, చక్రంలో, ఏనుగులో చూసుకుంటాం, మనిషిని పెడితే ఏ కులపోడు, ఏ ఊరోడు అనే మాట వస్తుంది. కోసాక్కులకి ఆ ఇబ్బంది రాలేదు, ఎందుకంటే బండరాళ్ళు దాటినోణ్ణి ముందు నువ్వు ఎక్కడోడివి అని అడిగేవాళ్ళు కాదు.

ప్రశ్న: ఆ సిచ్ కోట ఇప్పుడుందా? పోయి చూడొచ్చా? ఆత్మకూరు నుంచి అడుగుతున్నా.

జవాబు: ఆత్మకూరు నుంచి అడిగినారు కాబట్టి మీకు చెప్పడం సులువు. మీ దగ్గర సంగమేశ్వరం ఉంది కదా, శ్రీశైలం నీళ్ళు వెనక్కి ఎక్కితే గుడి మునిగిపోతుంది, వేసవిలో నీళ్ళు తగ్గితే గోపురం, తర్వాత గోడలు, తర్వాత లింగం బయటపడతాయి, అప్పుడు పూజారి పోయి దీపం పెడతాడు. సిచ్‌లకీ అట్లాంటి కథే జరిగింది. సిచ్ ఒక్కటే చోట లేదు, ఒకటి పోతే ఇంకో చోట కట్టుకుంటా పోయినారు, వాటిలో చానా చోట్లు, 1775లో కూల్చిన ఆఖరిది కూడా, 1950ల్లో సోవియట్ వాళ్ళు కట్టిన కఖోవ్కా డ్యామ్ నీళ్ళ కింద మునిగిపోయినాయి. పైన ఆ బండరాళ్ళని 1932లోనే ఇంకో డ్యామ్ ముంచేసింది. ఆ పేరు ఇచ్చిన రాళ్ళే ఇప్పుడు కనపడవు. జపోరిజియా ఊర్లో ఖోర్తిత్స్యా దీవి ఒకటి మిగిలింది, అక్కడ కోసాక్కుల మ్యూజియం ఉంది, ప్రొద్దుటూరు అమ్మ గారి పాప సెలవు రోజుల్లో పోయే ఉంటుంది.

2023 జూన్ 6న యుద్ధంలో కఖోవ్కా డ్యామ్ పగిలిపోయింది. దిగువన ఊర్లకి ఊర్లు మునిగినాయి, మనుషులు పోయినారు, అది మర్చిపోకూడదు. పైన మాత్రం రిజర్వాయర్ ఖాళీ అయిపోయి, డెబ్బై ఏళ్ళుగా నీళ్ళ కింద ఉన్న నేల బయటపడింది. ఆ నేలని కోసాక్కులు పెద్ద పచ్చిక అనేవాళ్ళు. పగుళ్ళు బారిన ఆ బురదలో ఎవరూ నాటకుండానే విల్లో మొక్కలు లక్షల్లో మొలిచినాయి, ఏడాది తిరిగేసరికి మనిషి ఎత్తు దాటినాయి. ఇప్పుడక్కడ పోయి తవ్వి చూడడానికి లేదు, నది అవతలి గట్టు మీద ఇంకా సైన్యాలున్నాయి.